విదేశీ ఓరియంటీరింగ్ పోటీలు: సరైన విభాగాన్ని ఎంచుకోవడం ఎలా?

పటం, దిక్సూచి మాత్రమే ఆధారంగా అడవిలో గుర్తించిన స్థానాలను వరుసక్రమంలో చేరుకుని, తక్కువ సమయంలో గమ్యానికి రావడమే ఓరియంటీరింగ్ క్రీడ. ఉత్తర ఐరోపా దేశాలలో ఇది కుటుంబమంతా కలసి పాల్గొనే క్రీడ. భారతదేశంలో దీని పరిచయం ప్రధానంగా సైనిక శిక్షణకూ, ఎన్‌సీసీ పటపఠన పాఠాలకూ పరిమితమైంది. చదువు, ఉద్యోగాల నిమిత్తం స్వీడన్, ఫిన్‌లాండ్, జర్మనీ, స్విట్జర్లాండ్, బ్రిటన్ వంటి దేశాలకు వెళ్లిన తెలుగువారికి వేసవి సెలవుల్లో ఈ పోటీలు కంటపడుతూ ఉంటాయి. అయితే పేరు నమోదు చేసుకునే చోటే మొదటి చిక్కు ఎదురవుతుంది. ఒకే పోటీలో పదుల సంఖ్యలో విభాగాలు ఉంటాయి. వాటిని సూచించే అక్షరాలు, అంకెలు, రంగులు దేశాన్ని బట్టి మారుతాయి. వాటి అర్థం తెలియకుండా చేసిన ఎంపిక వల్ల ప్రవేశ రుసుము వృథా కావచ్చు, తెలియని అడవిలో గంటల తరబడి దారి తప్పి తిరగవలసి రావచ్చు.

క్రీడ నేపథ్యం

ప్రజలు పాల్గొన్న తొలి ఓరియంటీరింగ్ పోటీ 1897 అక్టోబరు 31న నార్వే రాజధాని ఓస్లో సమీపంలో జరిగింది. 1919లో స్వీడన్ సైనికాధికారి ఎర్నెస్ట్ కిల్లాండర్ స్టాక్‌హోమ్ శివారులో నిర్వహించిన పెద్ద పోటీతో ఈ క్రీడ ఆధునిక రూపం సంతరించుకుంది. 1961లో కోపెన్‌హేగన్‌లో పది దేశాలు కలసి అంతర్జాతీయ ఓరియంటీరింగ్ సమాఖ్య (ఐఓఎఫ్)ను స్థాపించాయి. తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ 1966లో ఫిన్‌లాండ్‌లోని ఫిస్కార్స్‌లో జరిగింది. కాలినడక పోటీలతో పాటు స్కీయింగ్, పర్వత సైకిల్, ట్రయిల్ ఓరియంటీరింగ్ అనే శాఖలు కూడా సమాఖ్య పరిధిలో ఉన్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా కాలినడక పోటీలకు సంబంధించినది.

అక్షరాల వెనుక అర్థం

విభాగం పేరులో సాధారణంగా ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం స్త్రీ పురుష భేదాన్ని, అంకె వయస్సును తెలుపుతాయి. అంకె అన్ని దేశాల్లోనూ ఒకటే. అక్షరం మాత్రం ఆయా భాషలలోని పదాల మొదటి అక్షరం.

స్వీడన్, నార్వే, డెన్మార్క్, జర్మనీ, స్విట్జర్లాండ్ వంటి దేశాలలో ‘హెచ్’ పురుషులను, ‘డి’ మహిళలను సూచిస్తుంది. ఫ్రాన్స్‌లోనూ ఇవే అక్షరాలు వాడతారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోనూ, ఐఓఎఫ్ పోటీలలోనూ ‘ఎం’ అంటే పురుషులు, ‘డబ్ల్యూ’ అంటే మహిళలు. అమెరికాలో మహిళలకు ‘ఎఫ్’ వాడుక ఎక్కువ.

మధ్య, తూర్పు ఐరోపా దేశాలలో మరింత జాగ్రత్త అవసరం. హంగరీలో ‘ఎఫ్’ అక్షరం పురుషులది, మహిళలకు ‘ఎన్’. లిథువేనియాలో ‘ఎం’ మహిళల విభాగం, పురుషులది ‘వి’. లాత్వియాలో పురుషులకు ‘వి’, మహిళలకు ‘ఎస్’. పోలండ్‌లో ‘కె’ అంటే మహిళలు. అదే ‘కె’ అక్షరం స్వీడన్, స్విట్జర్లాండ్‌లలో అంకె తరువాత గాని, విభాగం పేరు చివర గాని వస్తే ‘తక్కువ దూరం’ అని అర్థం. ఇంగ్లిష్ అక్షరాలను చూసి ఊహించే అర్థం ప్రతిచోటా నిజం కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

అంకె తరువాత వచ్చే అక్షరాలకూ ప్రాధాన్యం ఉంది. ‘ఇ’ ఉన్నత స్థాయి క్రీడాకారుల విభాగం. బ్రిటన్‌లో ‘ఎల్’ ఎక్కువ దూరానికి, ‘ఎస్’ తక్కువ దూరానికి గుర్తు. స్విట్జర్లాండ్‌లో పురుషుల ప్రధాన విభాగాన్ని ‘హెచ్‌ఏఎల్’, ‘హెచ్‌ఏఎం’, ‘హెచ్‌ఏకే’ అని దీర్ఘ, మధ్యమ, స్వల్ప దూరాలుగా విభజిస్తారు. ‘హెచ్‌బీ’ అంతకంటే తేలికైనది.

వయస్సు లెక్కించే పద్ధతి

వయో విభాగాన్ని పోటీ జరిగే రోజున ఉన్న వయస్సును బట్టి కాక, ఆ క్యాలెండర్ సంవత్సరంలో పూర్తయ్యే వయస్సును బట్టి నిర్ణయిస్తారు. ఐఓఎఫ్ నిబంధనల ప్రకారం 20 ఏళ్లు, అంతకు లోపువారు ఆ వయస్సు నిండే సంవత్సరం చివరి వరకు సంబంధిత విభాగానికి చెందుతారు. 21 ఏళ్లు, ఆపైవారు ఆ వయస్సు నిండే సంవత్సరం మొదటి రోజు నుంచే ఆ విభాగంలోకి వస్తారు.

ఉదాహరణకు 1981 డిసెంబరులో జన్మించిన వ్యక్తికి 2026 జులైలో 44 ఏళ్లే ఉంటాయి. అయినా ఆ సంవత్సరం జనవరి 1 నుంచే ఆయన 45 ఏళ్ల విభాగానికి అర్హుడు. 2010 జనవరిలో పుట్టిన బాలిక 2026 డిసెంబరు 31 వరకు 16 ఏళ్ల విభాగంలో పాల్గొనవచ్చు.

విభాగం మారే స్వేచ్ఛ ఒక దిశలోనే ఉంటుంది. పిల్లలు తమ కంటే పెద్ద వయస్సు విభాగాల్లో, పెద్దలు తమ కంటే చిన్న వయస్సు విభాగాల్లో పాల్గొనవచ్చు. రెండు వైపుల నుంచీ హద్దు 21 ఏళ్ల విభాగమే. అంటే 50 ఏళ్ల వ్యక్తి 45, 40, 35, 21 విభాగాల్లో దేనినైనా ఎంచుకోవచ్చు గాని, తేలికగా ఉంటుందని 55లో చేరడానికి వీలులేదు. 15 ఏళ్ల బాలుడికి 14 ఏళ్ల విభాగంలో స్థానం ఉండదు. ఆ విధంగా 21 అనేది అందరికీ తెరిచి ఉన్న విభాగం, అన్నిటికంటే కఠినమైన విభాగం కూడా.

దూరం వేరు, కఠినత వేరు

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పాతికేళ్ల యువకుడు తన వయస్సును చూసుకుని 21 ఏళ్ల విభాగంలో పేరు నమోదు చేయించుకోవడం సహజం. ఆ విభాగంలో అతని పక్కన నిలబడేవారు ఆరేడేళ్ల ప్రాయం నుంచే అడవిలో పటం చదువుతూ పెరిగినవారు. ఆ కోర్సు అందరికంటే పొడవైనది, అందులోని కంట్రోల్ స్థానాలు పటంలో అతి సూక్ష్మ వివరాల నడుమ ఉంటాయి.

దీనికి పరిష్కారంగా కొందరు అదే వయస్సులో ‘తక్కువ దూరం’ విభాగాన్ని ఎంచుకుంటారు. అది సగం పరిష్కారమే. వయోజనుల విభాగాలన్నిటిలో సాంకేతిక కఠినత సాధారణంగా ఒకే స్థాయిలో, అంటే గరిష్ఠంగా ఉంటుంది. 45, 60, 75 ఏళ్ల విభాగాలకు వెళ్లేకొద్దీ తగ్గేది దూరమే గాని కఠినత కాదు. డెబ్బై ఏళ్ల మహిళల కోర్సు రెండు మూడు కిలోమీటర్లే ఉండవచ్చు. అయినా అందులోని కంట్రోల్ చిన్న రాతిగుట్ట వెనుకో, పల్లపు అంచునో ఉంటుంది. దానిని వెతకడంలో పట పరిజ్ఞానం లేని యువకుడు ఎంత పరుగు తీసినా ప్రయోజనం ఉండదు.

దూరాన్ని తగ్గించుకోవాలంటే వయో విభాగాలలో స్వల్ప దూరం సరిపోతుంది. కఠినతను తగ్గించుకోవాలంటే మాత్రం రంగులతో గుర్తించే కోర్సులకు, లేదా అందరికీ తెరిచి ఉంచే బహిరంగ కోర్సులకు రావాలి. మార్గాల వెంట, కంచెల వెంట, వాగుల వెంట సాగే కోర్సులు తేలిక స్థాయివి. మార్గం వదలి కొద్ది దూరం అడవిలోకి వెళ్లవలసినవి మధ్యమ స్థాయివి. సమోన్నత రేఖలను మాత్రమే నమ్ముకుని కదలవలసినవి కఠినమైనవి. మొదటిసారి విదేశంలో పాల్గొనే వయోజనులకు మధ్యమ స్థాయి సురక్షితమైన ఆరంభం.

రంగులు ఒకటే, అర్థాలు అనేకం

రంగుల విషయంలో అంతర్జాతీయ ఏకరూపత లేదు. స్వీడన్‌లో ఆకుపచ్చ అన్నిటికంటే తేలికైనది. ఆ తరువాత తెలుపు, పసుపు, నారింజ వస్తాయి. నీలం, నలుపు కఠిన స్థాయికి చెందుతాయి. బ్రిటన్‌లో తెలుపు అతి తేలికైనది, తరువాత పసుపు, నారింజ. ఆకుపచ్చ అక్కడ సాంకేతికంగా గరిష్ఠ స్థాయి కోర్సు. దూరం మాత్రమే పరిమితంగా ఉంటుంది. నీలం, గోధుమ, నలుపు అదే కఠినతతో అంతకంతకూ పొడవు పెరిగే కోర్సులు.

అమెరికాలో తెలుపు, పసుపు, నారింజ వరకు బ్రిటన్ వరుసకు దగ్గరగానే ఉంటుంది. ఆ తరువాత గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు, నీలం కఠిన కోర్సులు. వీటిలో గోధుమ అన్నిటికంటే పొట్టిది, నీలం అన్నిటికంటే పొడవైనది. బ్రిటన్‌లో గోధుమ రంగు సుదీర్ఘ కోర్సును సూచిస్తుండగా అమెరికాలో అదే రంగు కఠిన కోర్సులలో అతి చిన్నదానికి గుర్తు. ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ, నీలం రెండూ ఆరంభ స్థాయికి చెందినవి. న్యూజిలాండ్‌లో తెలుపు, పసుపు, నారింజల తరువాత ఎరుపు అత్యంత కఠినమైనది.

స్వీడన్‌లో ఆకుపచ్చ కోర్సును సునాయాసంగా పూర్తి చేసిన వ్యక్తి బ్రిటన్‌లో అదే రంగును ఎంచుకుంటే ఎదురయ్యే పరిస్థితి ఊహించదగినదే. అందువల్ల రంగు పేరును కాక, నిర్వాహకులు ఇచ్చే కఠినత వివరణనే ప్రమాణంగా తీసుకోవాలి.

కిలోమీటర్ల లెక్కను చదవడం

కోర్సు దూరాన్ని ఆరంభ స్థానం నుంచి ఒక్కొక్క కంట్రోల్ మీదుగా గమ్యం వరకు సరళరేఖలో కొలుస్తారు. సరస్సులు, దాటరాని కొండచరియలు, నిషిద్ధ ప్రాంతాలు అడ్డువచ్చినప్పుడు మాత్రమే ఆ రేఖను మళ్లిస్తారు. కాబట్టి 5 కిలోమీటర్లని ప్రకటించిన కోర్సులో నిజంగా నడిచే దూరం అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఎత్తు ఎక్కవలసిన కొలతను మీటర్లలో విడిగా ఇస్తారు. స్విట్జర్లాండ్‌లో 100 మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరు సమతల పరుగుతో సమానంగా లెక్కించే పద్ధతి ఉంది. దాని ప్రకారం 5 కిలోమీటర్ల దూరం, 200 మీటర్ల ఎక్కుడు ఉన్న కోర్సు 7 కిలోమీటర్ల శ్రమకు సమానం. పర్వత ప్రాంత పోటీలలో ఈ లెక్క బాగా ఉపకరిస్తుంది.

తరువాత చూడవలసినది తన వేగం. పరిచితమైన నేలపై కిలోమీటరుకు 12 నిమిషాలు తీసుకునే వ్యక్తికి తెలియని అడవిలో 18 నిమిషాలు పడుతుందని అనుకుంటే, 10 కిలోమీటర్ల కోర్సుకు 180 నిమిషాలు, 5 కిలోమీటర్లకు 90 నిమిషాలు అవసరం. ఇది లెక్క తీరును చూపే ఉదాహరణ మాత్రమే. పోటీకి నిర్ణయించిన గరిష్ఠ సమయంతో ఈ అంచనాను పోల్చుకోవాలి. గత సంవత్సరాల ఫలితాలు చాలా దేశాలలో బహిరంగంగా లభిస్తాయి. వాటిలో విజేత సమయాన్ని కాక, జాబితా మధ్యలో ఉన్నవారి సమయాన్నీ, పూర్తి చేయలేకపోయినవారి సంఖ్యనూ గమనిస్తే విభాగం అసలు స్వభావం తెలుస్తుంది.

పటం, భూభాగం

భారత సర్వే సంస్థ స్థలాకృతి పటాలతో అలవాటుపడినవారికి ఓరియంటీరింగ్ పటం కొత్తగా తోస్తుంది. 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు 500 మీటర్లకు సమానం. అడవి ఓరియంటీరింగ్ పటాలు 1:15,000 లేదా 1:10,000 ప్రమాణంలో ఉంటాయి. 1:10,000లో సెంటీమీటరు 100 మీటర్లే. సమోన్నత రేఖల మధ్య అంతరం సాధారణంగా 5 మీటర్లు. పట్టణ వీధులలో, ఉద్యానవనాలలో జరిగే స్ప్రింట్ పోటీలకు 1:4,000 ప్రమాణం వాడతారు. పెద్ద వయస్సు విభాగాలకు సులభంగా చదవడానికి వీలుగా పటాన్ని పెద్దదిగా ముద్రించడం కూడా ఉంది.

రంగుల భాష కూడా వేరు. ఓరియంటీరింగ్ పటంలో తెలుపు అంటే ఖాళీ స్థలం కాదు, సులువుగా పరుగెత్తగల అడవి. పసుపు బహిరంగ ప్రదేశం. ఆకుపచ్చ చిక్కదనం పెరిగేకొద్దీ పొదల సాంద్రత పెరిగి వేగం తగ్గుతుంది. నలుపు రాళ్లు, మనుషులు నిర్మించిన కట్టడాలను, గోధుమ నేల ఎత్తుపల్లాలను, నీలం నీటిని తెలుపుతాయి.

భూభాగాన్ని బట్టి ఒకే విభాగం రెండు దేశాలలో రెండు రకాల పరీక్ష పెడుతుంది. నార్వే, స్వీడన్ అడవుల్లో చిత్తడి నేలలు, నాచు పట్టిన బండలు, లెక్కలేనన్ని చిన్న మిట్టలు కలగలసి ఉంటాయి. డెన్మార్క్ బీచ్ వృక్షాల అడవులు పరుగుకు అనువైనవి. స్లొవేనియా సున్నపురాతి ప్రాంతంలో గుంటల మీద గుంటలు ఎదురవుతాయి. దక్కన్ రాతిగుట్టల నడుమ సాధన చేసినవారికి పోర్చుగల్ గ్రానైట్ బండల ప్రాంతాలు కొంత చేరువగా తోచవచ్చు గాని, నార్డిక్ చిత్తడి అడవిలో ఆ అనుభవం పూర్తిగా అక్కరకు రాదు. మొదటి పోటీకి మామూలుగా ఎంచుకునే స్థాయి కంటే ఒక మెట్టు తక్కువ ఎంచుకోవాలన్న సలహాకు కారణం ఇదే.

భాష కూడా ఒక అంశమే. కంట్రోల్ స్థానాలను వివరించే ఐఓఎఫ్ చిహ్నాలు ప్రపంచమంతటా ఒకటే. కానీ పిల్లల, ఆరంభకుల కోర్సులకు ఆ వివరణను తరచుగా స్థానిక భాషలో మాటల రూపంలో ఇస్తారు. తేలిక కోర్సును ఎంచుకున్న విదేశీయుడు ఆ భాషలో రాయి, గొయ్యి, కంచె, వాగు వంటి పదాలను ముందే తెలుసుకోవడం మంచిది.

పిల్లల విషయంలో

పిల్లలను వయస్సు చూసి విభాగంలో చేర్చడం పెద్దలు తీసుకోకూడని తొందరపాటు నిర్ణయం. స్వీడన్‌లో పన్నెండేళ్ల విభాగంలో పాల్గొనే పిల్లలలో చాలామంది ఏళ్ల తరబడి క్లబ్బులో శిక్షణ పొందినవారు. అదే వయస్సు ప్రవాస తెలుగు బాలుడికి అది తొలి పోటీ కావచ్చు. వయో విభాగంలో తల్లిదండ్రులు వెంట వెళ్లి దారి చూపడానికి సాధారణంగా అనుమతి ఉండదు. అడవిలో ఒంటరిగా దారి తప్పిన అనుభవం పిల్లలను ఈ క్రీడకు శాశ్వతంగా దూరం చేయగలదు.

ఇందుకోసమే స్వీడన్‌లో ‘ఇన్‌స్కూల్నింగ్’ అనే ప్రవేశ విభాగం ఉంది. అందులో పెద్దలు వెంట ఉండవచ్చు. ఇతర దేశాలలోనూ తెలుపు లేదా ఆకుపచ్చ స్థాయిలో ఇలాంటి ఏర్పాట్లు కనిపిస్తాయి. బిడ్డ స్వయంగా పటం పట్టుకుని ముందు నడవగా, పెద్దలు వెనుక నడిచే ఒకటి రెండు పోటీల తరువాతే వయో విభాగం గురించి ఆలోచించడం ఉచితం.

ప్రధాన పోటీలు, అర్హతలు

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వ్యక్తిగతంగా పేరు నమోదు చేసుకునే వీలు లేదు. జాతీయ సమాఖ్య ఎంపిక చేయాలి, ఆ దేశ పౌరసత్వం ఉండాలి. ప్రపంచ మాస్టర్స్ చాంపియన్‌షిప్ పద్ధతి ఇందుకు భిన్నం. 35 ఏళ్లు, ఆపై వయస్సు వారెవరైనా జాతీయ ఎంపికతో నిమిత్తం లేకుండా అందులో పాల్గొనవచ్చు. విభాగాలు ఐదేళ్ల అంతరంతో ఉంటాయి.

స్వీడన్‌లో 1965 నుంచి జరుగుతున్న ‘ఓ-రింగెన్’ ఐదు దశల వేసవి పోటీ. ఉన్నత స్థాయి వారి నుంచి ఆరంభకుల వరకు అందరికీ అందులో చోటు ఉంది. వయో విభాగాలకు ముందుగా నమోదు కావాలి. బహిరంగ కోర్సులకు అప్పటికప్పుడు చేరే అవకాశం కల్పిస్తారు. బహుళ దశల పోటీలో వయో విభాగం ఎంచుకుంటే మొత్తం సమయం లెక్కలోకి వస్తుంది, మధ్యలో విభాగం మారితే ఆ వరుస తెగిపోతుంది. ప్రతిరోజూ స్థాయి మార్చుకోవాలనుకునేవారికి బహిరంగ కోర్సులే అనుకూలం. స్కాట్లాండ్‌లో రెండేళ్లకొకసారి జరిగే ఆరు రోజుల పోటీ కూడా విదేశీయులను ఆకర్షిస్తుంది.

ఫిన్‌లాండ్‌లో 1949 నుంచి జరుగుతున్న ‘యుకొలా’ రిలేలో ఏడుగురు, మహిళల ‘వెన్లా’ రిలేలో నలుగురు జట్టుగా పరుగెత్తుతారు. ‘యుకొలా’ రాత్రంతా సాగుతుంది. స్థానిక క్లబ్బు జట్టులో చోటు దొరికిన కొత్తవారు విభాగాన్ని కాక, తాము పరుగెత్తే వంతును ఎంచుకోవలసి ఉంటుంది. చీకటి వంతులను అనుభవజ్ఞులకు విడిచిపెట్టి, పొట్టి పగటి వంతును కోరుకోవడం జట్టుకూ మేలు.

శారీరక వైకల్యం ఉన్నవారి కోసం ట్రయిల్ ఓరియంటీరింగ్ ఉంది. అందులో పరుగు వేగానికి ప్రాధాన్యం లేదు. దారి మీద నుంచే పటాన్ని చదివి సరైన కంట్రోల్‌ను గుర్తించాలి. వయస్సు, స్త్రీ పురుష భేదం లేని ‘ఓపెన్’ విభాగంతో పాటు ప్రత్యేక పారా విభాగం ఉంటుంది.

నమోదుకు ముందు, పోటీ రోజున

నిర్వాహకులు ముందుగా ఆహ్వాన పత్రాన్ని, పోటీ దగ్గరపడ్డాక తుది సూచనల పత్రాన్ని విడుదల చేస్తారు. విభాగాల దూరం, ఎక్కుడు, పటం ప్రమాణం, భూభాగ వర్ణన, గరిష్ఠ సమయం, విభాగం మార్చుకునే గడువు వీటిలోనే ఉంటాయి. గడువు దాటితే అదనపు రుసుము చెల్లించవలసి రావచ్చు. ఇటలీ వంటి దేశాలలో పోటీ విభాగాలకు వైద్య ధ్రువపత్రం అడగవచ్చు. బహిరంగ కోర్సులకు నియమాలు సాధారణంగా సడలుతాయి.

కంట్రోల్ చేరినట్టు నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం కూడా దేశాన్ని బట్టి మారుతుంది. స్వీడన్, బ్రిటన్, మధ్య ఐరోపాలలో స్పోర్టిడెంట్, నార్వే, ఫిన్‌లాండ్‌లలో ఎమిట్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. అద్దెకు దొరుకుతాయి గనుక కొనుగోలు తప్పనిసరి కాదు. ఒక్క కంట్రోల్ తప్పినా, వరుస మారినా ఫలితం చెల్లదు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. కోర్సు పూర్తి చేయలేక విరమించినవారు కూడా గమ్యస్థానానికి వచ్చి ఆ విషయం తప్పక తెలియజేయాలి. చెప్పకుండా బసకు వెళ్లిపోతే, వారు అడవిలోనే ఉన్నారని భావించి నిర్వాహకులు గాలింపు మొదలుపెడతారు. ఈల వెంట ఉంచుకోవడం మంచిది. కొన్ని పోటీలలో తప్పనిసరి కూడా. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదడం అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన సంకేతం.

ఎంపిక క్రమం

మొత్తం మీద ఎంపిక నాలుగు ప్రశ్నలతో సాగాలి. మొదటిది: తేలిక, మధ్యమ, కఠిన స్థాయిలలో ఏ స్థాయి కోర్సును స్వదేశంలో పొరపాట్లు లేకుండా పూర్తి చేయగలుగుతున్నారు? రెండోది: ఆ దేశంలో ఆ స్థాయిని ఏ రంగుతో, ఏ అక్షరంతో పిలుస్తారు? మూడోది: దూరాన్ని, ఎక్కుడును కలిపి లెక్కిస్తే గరిష్ఠ సమయంలోపు రాగలరా? నాలుగోది: వయస్సును బట్టి ఆ విభాగానికి అర్హత ఉందా? చాలామంది నాలుగో ప్రశ్నతో మొదలుపెట్టి అక్కడితో ఆగిపోతారు. కఠినతతో మొదలుపెట్టి వయస్సుతో ముగించినవారికి విభాగం తమకు తగినదిగా దొరుకుతుంది. తేలిక కోర్సును తప్పుల్లేకుండా పూర్తి చేసినవారు మరుసటి రోజు ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు. కఠిన కోర్సులో తొలి రోజే అలసి దారి తప్పినవారికి మాత్రం మిగిలిన దశలలో కోలుకోవడం కష్టమవుతుంది.